మంత్రసాని సంగవ్వ మరపు

1976 ఆగస్టులో నాకు జహీరాబాద్ తాలూకాలోని ఒక సబ్ సెంటరుకు ఏ.ఎన్.ఎం.గా పోస్టింగు వచ్చింది. ఏ.ఎన్.ఎం. అంటే పల్లెల్లో గర్భిణులను, బాలింతలను, పసిపిల్లలను చూసుకునే నర్సు. మాపైన లేడీ హెల్త్ విజిటరు, ఆమె పైన ప్రైమరీ హెల్త్ సెంటరు డాక్టరు. నా కింద ఎవరూ లేరు. సబ్ సెంటరు అంటే ఝరాసంగం వెళ్లే దారిలో, జహీరాబాద్ బస్టాండుకు నాలుగు మైళ్ల దూరంలో, అద్దెకు తీసుకున్న రెండు గదుల పెంకుటిల్లు. ఆ ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే మనుషుల పిల్లలు, మనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

గర్భిణి పేరు ఐదో నెల దాటకుండా రిజిస్టరులో ఎక్కించాలి. ధనుర్వాతం రాకుండా సూది వేయాలి, రక్తం పట్టే మాత్రలు ఇవ్వాలి, కాన్పు చేయాలి, ఆ తర్వాత పది రోజుల్లో మూడుసార్లు ఇంటికి వెళ్లి తల్లిని, బిడ్డను చూడాలి. ఇరవై రెండేళ్ల వయసులో ఈ వరసంతా నాకు కంఠతా వచ్చు. కాని మొదటి మూడు నెలల్లో ఒక్క కాన్పుకు కూడా నన్ను ఎవరూ పిలవలేదు. పెళ్లికాని పిల్లకు కాన్పు సంగతి ఏం తెలుస్తుందని ఆడవాళ్లు నా ముందే అనుకునేవారు.

నన్ను మొదట పిలిచింది సంగవ్వ. ఆమె ఆ ఊరికీ, చుట్టుపక్కల నాలుగు ఊళ్లకూ మంత్రసాని. అప్పటికి అరవై ఐదు దాటి ఉంటాయి. పుట్టిల్లు బీదరు అవతల. పెళ్లయి వచ్చి యాభై ఏళ్లయినా మాటల్లో అక్కడక్కడ కన్నడం దొర్లేది. భర్త పోయాడు, ఒక్కగానొక్క కొడుకూ పోయాడు. కోడలు మొగులమ్మ కూలికి వెళ్లేది. అత్తాకోడళ్లిద్దరే ఆ ఇంట్లో.

ఒక మధ్యాహ్నం సంగవ్వ నా గడప దగ్గరకు వచ్చి నిలబడింది. "సిస్టరమ్మా, జర రా. బిడ్డ కాళ్లతోని వస్తున్నది. నీ కండ్లతోని సూడు. ఏం ముట్టకు" అంది.

నేను గోడకు ఆనుకుని కూర్చుని చూశాను. ఎదురుకాళ్ల బిడ్డ బయటికి వచ్చేటప్పుడు తొందరపడి లాగకూడదని పుస్తకంలో చదివాను. లాగకుండా ఉండడానికి ఎంత ఓపిక కావాలో ఆమె చేతుల్లో చూశాను. ఆ తర్వాత ఊరివాళ్లు మమ్మల్ని ఇద్దరినీ కలిపి పిలవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు కొందరు నన్ను ఒక్కదాన్నే పిలిచేవారు. దానికి ఆమె ఏమీ అనుకోలేదు.

1978లో సర్కారు మంత్రసానులకు నెల రోజుల శిక్షణ పెట్టింది. రాజేశ్వరమ్మ గారు మా లేడీ హెల్త్ విజిటరు. ఆమె గుడ్డబొమ్మతో కాన్పు చేసి చూపిస్తుంటే సంగవ్వ, "మావోళ్లు గింత అల్కగ రారమ్మా" అంది, ఇంత తేలిగ్గా రారని. అందరూ నవ్వారు. శిక్షణ చివర ఒక్కొక్కరికి ఒక రేకు పెట్టె ఇచ్చారు. అందులో కత్తెర, బొడ్డుకు కట్టే దారం, సబ్బు, గోళ్లు రుద్దుకునే బ్రష్షు, కింద పరిచే ప్లాస్టిక్ గుడ్డ, ఒక గిన్నె ఉండేవి. ఆ పెట్టె సర్కారుది. స్టాకు రిజిస్టరులో వేలిముద్ర వేసి తీసుకోవాలి. సంగవ్వ దాన్ని ఇంట్లో దేవుడి గూట్లో పెట్టుకుంది.

మంత్రసానులు చేసిన కాన్పులు నెలకోసారి నా దగ్గర నమోదు కావాలి. సంగవ్వకు రాత రాదు. నడుముకు ఒక చిన్న గుడ్డసంచి కట్టుకునేది. మగపిల్లవాడు పుడితే అందులో ఒక జొన్నగింజ, ఆడపిల్ల పుడితే కందిగింజ, చచ్చిపుడితే ఉలవగింజ వేసేది. ప్రతి నెలా మొదటి సోమవారం నా బల్ల మీద వాటిని పరిచి ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ, "ఇది వడ్లోల్ల పెద్ద కోడలు. మంగళారం పొద్దుగాల నీళ్లాడింది. ఇది మోటబాయి కాడి ఎల్లవ్వ బిడ్డ" అంటూ చెప్పేది. నీళ్లాడడం అంటే అక్కడ ప్రసవించడం. గింజకూ గింజకూ తేడా ఏముంటుందో నాకు తెలియదు. ఆమె మాత్రం మూడేళ్లలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నేను అలాగే రాసుకునేదాన్ని.

1981 వానాకాలంలో ఒక సోమవారం సంచి ఎప్పటికంటే బరువుగా కనిపించింది. మామూలుగా నాలుగైదు గింజలుండేవి. ఆ రోజు పదకొండు. ఆమె తడబాటు లేకుండా పదకొండు ఇళ్ల పేర్లు, పదకొండు రోజులు చెప్పింది. అన్నీ రాశాను. నా రిజిస్టరు నిండినందుకు సంతోషం కూడా కలిగింది.

మూడు వారాలకు రాజేశ్వరమ్మ గారు తనిఖీకి వచ్చారు. రిజిస్టరులో రాసిన బిడ్డ నిజంగా ఉన్నదా లేదా అని ఇంటింటికీ వెళ్లి చూడడమే తనిఖీ. మొదటి ఇంట్లో తల నెరిసిన ఒకామె బయటికి వచ్చింది. మీ పసిపిల్లవాడు ఏడని అడిగితే ఆమెకు అర్థం కాలేదు. చివరకు, "ఎవలు, మా నాగన్ననా? వాడు బొంబాయి పోయిండమ్మా, మేస్త్రి పనికి" అంది.

రాజేశ్వరమ్మ గారు నా వైపు చూశారు. నేను రిజిస్టరు వైపు చూశాను. తప్పు ఇల్లేమో అనుకున్నాను. రెండో ఇంట్లో నిజంగానే నెల బిడ్డ ఉంది. మూడో ఇంటి ఆమె తన పేరు పక్కన ఆడపిల్ల అని రాసి ఉందని వినగానే గడప మీద కూర్చుండిపోయింది. ఆమెకు ఒక కూతురు పుట్టి మూడేళ్లకు జ్వరంతో పోయి చాలా కాలమైంది. "నా బిడ్డ పేరు మల్ల ఎవలు రాసిన్రు?" అని అడిగింది.

పదకొండింటిలో అయిదు నిజం. ఆరు పాతికేళ్ల కింద, ముప్పై ఏళ్ల కింద పుట్టిన పిల్లలు. రాజేశ్వరమ్మ గారు చెడ్డ మనిషి కాదు. కాని లెక్కలు పెంచి చూపడానికి దొంగ పేర్లు రాసే వాళ్లను ఆమె చాలామందిని చూశారు. మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని మెమో ఇచ్చారు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సంగవ్వ అబద్ధం చెప్పిందని రాస్తే అది అబద్ధం. నిజం చెప్పిందని రాస్తే అదీ అబద్ధమే.

ఆమెనే అడిగాను. మొహం ఎర్రబడింది. "నేను అబద్ధం జెప్తనా బిడ్డా? గా పిల్లలందరు ఈ చేతుల్ల పడ్డోల్లే" అని రెండు అరచేతులు చాపి చూపింది.

దొంగ పేర్ల కంటే నన్ను భయపెట్టింది మరొకటి. లేని పిల్లలు రిజిస్టరులోకి వచ్చారంటే, ఉన్న పిల్లలు రాకుండా పోయి ఉండాలి. వారం రోజులు అయిదు ఊళ్లూ తిరిగాను. ఇద్దరు పసిబిడ్డలు దొరికారు. వాళ్ల సంగతి సంగవ్వ చెప్పనే లేదు. ఇద్దరికీ బొడ్డు శుభ్రంగా రాలింది, ఇద్దరూ బాగున్నారు. అది నన్ను ఇంకా తికమక పెట్టింది. పని సరిగానే చేసింది, చేసినట్టు మాత్రం ఆమెకు గుర్తు లేదు.

మొగులమ్మను వెంటబెట్టుకుని ఆమెను డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ఈ రోజు ఏ వారమని అడిగారు. "పనికి వారమెందుకు సారూ" అంది. కొడుకు ఏం చేస్తాడని అడిగారు.

"చేన్ల ఉన్నడు. మాపటీలి వస్తడు."

కొడుకు పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. పక్కన నిలబడ్డ మొగులమ్మ తల వంచుకుంది. డాక్టరు గారు ఈసారి, బిడ్డ అడ్డం తిరిగి ఉంటే ఎలా తెలుస్తుందని అడిగారు. సంగవ్వ చేతులు గాలిలో పెట్టి, తల ఎక్కడ తగులుతుందో, పొట్ట ఏ ఆకారంలో కనిపిస్తుందో పాఠం చెప్పినట్టు చెప్పింది. అంత చక్కగా నేనూ చెప్పలేను.

"వయసుతో వచ్చే మతిమరుపు. మందు లేదు. ముందుకు పోతుంది గాని వెనక్కు రాదు. పాత సంగతులు చివరిదాకా ఉంటాయి, కొత్తవి నిలవవు. కాన్పులకు పంపకండి, పెట్టె వాపసు తీసుకోండి" అని డాక్టరు గారు నాతో అన్నారు. నా సంజాయిషీ మీద ఆయనే రెండు వాక్యాలు రాసి మెమో కొట్టివేయించారు.

పెట్టె మాత్రం నేను తీసుకోలేదు. ఎనిమిది నెలలు వాయిదా వేశాను. ఆ మధ్యలో ఆమెతో కలిసి మూడు కాన్పులకు వెళ్లాను. మూడింటిలోనూ వంక పెట్టడానికి వీల్లేకుండా చేసింది. నేను పక్కన ఉంటాను కదా, ఇక భయమేముంది అనుకున్నాను. పని నేర్పిన మనిషి ఇంట్లోకి వెళ్లి గూట్లోంచి పెట్టె తీయడానికి నా చేతులు రాలేదు. ఊళ్లో నలుగురికీ ఒక మాట చెప్పి ఉంచాను: సంగవ్వను పిలిస్తే నన్నూ పిలవాలని. ఆ మాటతో నా బాధ్యత తీరిందనుకున్నాను.

1982 వేసవిలో నెలవారీ మీటింగుకు వెళ్లి మధ్యాహ్నం రెండు గంటలకు బస్సు దిగాను. ఊళ్లో నిండు నెలల్లో ఉన్న బాలమణి వాళ్ల అత్త సబ్ సెంటరు ముందు ఎండలో నిలబడి ఉంది. బాలమణికి అది రెండో కాన్పు.

"పిల్లగాడు పుట్టిండు సిస్టరమ్మా. సంగవ్వనే చేసింది. చేతులు కడుక్కొని ఇంటికి వోయింది. కని రక్తం ఆగుత లేదు."

నేను వెళ్లేసరికి బాలమణి చాప మీద పడుకుని ఉంది. పెదవులు పాలిపోయాయి. నాడి వేగంగా, సన్నగా కొట్టుకుంటోంది. బిడ్డకు బొడ్డు కోయడం, కట్టడం అంతా సవ్యంగా ఉంది. గుడ్డలో చుట్టి పక్కన పడుకోబెట్టారు. మాయ పడిందా అని అడిగాను. బిడ్డ తర్వాత పడాల్సిన మాయ లోపలే ఉండిపోతే రక్తం ఆగదు. పడిందని అత్త చెప్పింది. ఎవరు చూశారని అడిగాను. ఎవరూ చూడలేదు. సంగవ్వ చెప్పిందని అంది.

అప్పటికే ఎవరో సంగవ్వను పిలుచుకొచ్చారు. ఆమె గుమ్మంలో నిలబడి, ఏ తొట్రుపాటూ లేకుండా, "పడ్డది బిడ్డా. నిండుగ పడ్డది. నా చేత్తోనే ఇంటెనక బొంద దీసి పెట్టిన" అంది.

ఇక్కడ మా పనిలో ఒక చిక్కుంది. మాయ పడ్డాక కూడా రక్తం పోతుంటే గర్భసంచి వదులైందని అర్థం. దాన్ని బిగించే సూది వెంటనే వేయాలి. మాయ లోపల ఉండగా అదే సూది వేస్తే గర్భసంచి మూతి బిగుసుకుని మాయ లోపలే చిక్కుకోవచ్చు. ఒకచోట ప్రాణం నిలిపేది మరొకచోట ప్రాణం తీస్తుంది. బయట బొడ్డుతాడు కనిపించడం లేదు. సంగవ్వ మాట స్పష్టంగా ఉంది. సూదిలోకి మందు ఎక్కించాను.

ఎక్కించి ఆగాను. ఇంటి వెనక మట్టి చూసి రమ్మని అత్తకు చెప్పాను. ఆమె వెళ్లి వచ్చి, ఎక్కడా తవ్విన జాడ లేదంది. సంగవ్వ వెంటనే, "గాడ కాదు, నిమ్మచెట్టు కింద" అంది. ఆ ఇంట్లో నిమ్మచెట్టు లేదు.

సూది గిన్నెలో పెట్టేశాను. చేతులు సబ్బుతో కడిగి, గ్లవ్స్ వేసుకుని పరీక్ష చేశాను. కోసిన బొడ్డుతాడు కొస లోపలికి జారి ఉంది. వేళ్లకు తగిలింది. మాయ లోపలే ఉంది. మూత్రపు సంచి నిండి ఉంటే మాయ దిగదు, అందుకని ముందు రబ్బరు గొట్టం వేసి దాన్ని ఖాళీ చేశాను. పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడేదాకా రుద్దాను. గట్టిపడినప్పుడు ఒక చేత్తో పైకి ఆపి, రెండో చేత్తో తాడును మెల్లగా కిందికి లాగాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మాయ వచ్చింది. పళ్లెంలో పరిచి ముక్క ఏదీ లోపల మిగల్లేదని చూసుకుని, అప్పుడు సూది వేశాను.

ఇంతసేపూ సంగవ్వ బాలమణి తల దగ్గర కూర్చుని నుదురు నిమురుతూ ఉంది. అంతా అయ్యాక మాయ వైపు చూసి, "ఇది ఎవల్ది?" అని అడిగింది.

బాలమణిని ఎడ్లబండి మీద రోడ్డుకూ, అక్కడినుంచి లారీలో జహీరాబాద్ దవాఖానకూ చేర్చాం. రెండు సీసాల రక్తం ఎక్కించారు. తొమ్మిదో రోజు ఇంటికి వచ్చింది. వాళ్ల ఇంట్లో ఎవరూ సంగవ్వను తిట్టలేదు. నన్నూ తిట్టలేదు. తిట్టాల్సింది నన్ను అని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

కాన్పు అయిన మర్నాడే పెట్టె కోసం వెళ్లాను. గొడవ అవుతుందనుకున్నాను. సంగవ్వ తనే గూట్లోంచి తీసి ఇచ్చింది. స్టాకు రిజిస్టరులో వేలిముద్ర కూడా వేసింది. "తీస్కపో బిడ్డా, మాపటీలికి తెచ్చియ్యి" అంది.

ఆ సాయంత్రమే వచ్చి అడిగింది. మర్నాడు సాయంత్రం వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చేది. "నా పెట్టె ఇయ్యి. బాలమణికి దినాలు దగ్గర పడ్డయ్" అనేది. వీధిలో బాలమణి బిడ్డనెత్తుకుని వెళ్తుంటే చూసి కూడా అలాగే అనేది. మొదట్లో నేను సంగతంతా విడమరిచి చెప్పేదాన్ని. విన్న ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ఆమె కళ్ల నిండా నీళ్లు వచ్చేవి. తనే ఆ పిల్ల ప్రాణం తీయబోయిందా అని అడిగేది. తెల్లవారితే మళ్లీ పెట్టె. చెప్పడం మానేశాను. రిపేరుకు పంపామని అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. అది మంచిపనో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

పని లేకపోయేసరికి ఆమె తిరుగుడు ఎక్కువైంది. తెలియని ఇళ్లలోకి వెళ్లి నొప్పులు మొదలయ్యాయా అని అడిగేది. ఒకసారి మొగుడంపల్లి దారిలో ఎవరో చూసి బండి ఎక్కించుకొచ్చారు. ఆ దసరా ముందు ఒక పగలు వాళ్లింటికి వెళ్లాను. సంగవ్వ మంచం మీద కూర్చుని ఉంది. కాలికి పాతచీర పేలిక. రెండో కొస మంచం కోడుకు కట్టి ఉంది. మొగులమ్మ కూలి నుంచి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. రాగానే, పశువును కట్టినట్టు కడతావా అన్నాను.

మొగులమ్మ నెత్తిమీది గడ్డిమోపు దించి, నెమ్మదిగానే మాట్లాడింది. "నువ్వు పెట్టె తీస్కపోతివి, మంచిపని జేస్తివి. పెట్టె ఉన్నన్నినాళ్లు నాలుగిండ్లోల్లు ఆమెను అర్సుకున్నరు. ఇప్పుడు ఎవలు అర్సుకుంటున్రు? నేను కూలికి పోకుంటె ఇద్దరం ఏం తింటం? ఎట్ల జెయ్యాల్నో నువ్వే జెప్పు సిస్టరమ్మా."

ముసలివాళ్ల కోసం మా శాఖలో ఒక్క రిజిస్టరూ లేదు, ఒక్క కాలమూ లేదు. ఆ రాత్రి ఆలోచించి మర్నాడు పొద్దున వెళ్లి, కూలికి వెళ్లేటప్పుడు ఆమెను సబ్ సెంటరులో దించి వెళ్లమని చెప్పాను. రూలు ప్రకారం అది తప్పు. రాజేశ్వరమ్మ గారు వచ్చినప్పుడు చూసి, "ఈమె ఎవరి కింద లెక్క?" అని అడిగారు. ఎవరి కిందా లేదన్నాను. ఆమె దాని మీద ఏమీ రాయలేదు.

గర్భిణులను చూసే బుధవారాల్లో సంగవ్వ నా పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆమె ఉందని అంతకుముందు రాని ఆడవాళ్లు కూడా వచ్చేవారు. పొట్ట మీద చెయ్యి వేయించుకుని వెళ్లేవారు. ఒకసారి ఒక పిల్లకు కడుపులో బిడ్డ తల కిందికి ఉందని నేను రాస్తే, సంగవ్వ పైన ఉందని అంది. నా మీద నాకు అనుమానం వచ్చి జహీరాబాద్ పంపాను. కిందికే ఉందని అక్కడా రాశారు. మూడు వారాలకు బిడ్డ ఎదురుకాళ్లతో పుట్టింది. మధ్యలో తిరిగిందో, సంగవ్వకు ముందే తెలిసిందో, ఊరికే అన్నదో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత మాత్రం ఆమె ఏదైనా అంటే రెండోసారి చెయ్యి పెట్టి చూసేదాన్ని.

బాలమణి తన కొడుకును తెచ్చి నూనె రాయమని ఆమె ఒళ్లో పెట్టేది. భయం లేదా అని ఒకరోజు అడిగాను. "నేను పుట్టింది గూడ ఆమె చేతులల్లనే కద" అంది. బిడ్డ పక్కనుంచి మాత్రం కదిలేది కాదు.

1983 చివరికి తెలుగు మాటలు తగ్గిపోయాయి. చిన్నప్పటి కన్నడం మిగిలింది. మొగులమ్మకు ఆ భాష రాదు. మొదట్లో ఏమంటున్నదో తెలియక ఏడ్చేది. తర్వాత బీదరు నుంచి వచ్చే గాజుల ఆమెను అడిగి ఒక్కొక్క మాట నేర్చుకుంది. మరుసటి చలికాలం సంగవ్వ మింగడం మానేసింది. గంజి పోస్తే దగ్గు వచ్చేది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. డాక్టరు గారు వచ్చి చూసి, దవాఖానకు తీసుకెళ్లినా అయిదారు రోజులే అన్నారు. మొగులమ్మ ఇంట్లోనే ఉంచుకుంది.

చివరి పగలు నేను అక్కడే ఉన్నాను. సంగవ్వ కళ్లు తెరిచి, చేతులు గాలిలో వెతుకుతూ, "కూసు ఎల్లి?" అంది. బిడ్డ ఎక్కడ అని. మొగులమ్మ ఆ చేతులు రెండూ పట్టుకుని, వచ్చీరాని కన్నడంలో, పుట్టింది, బాగుంది, నిద్రపోతోంది అని చెప్పింది. సంగవ్వ చేతులు కిందికి దిగాయి. సాయంత్రం దీపాలు పెట్టేలోపు పోయింది.

చావుపుట్టుకల రిజిస్టరులో కారణం అనే కాలముంది. "వృద్ధాప్యం" అని రాశాను. అంతకంటే వేరే మాట అప్పుడు మాకు ఎవరూ నేర్పలేదు.

తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి, హెల్త్ విజిటరుగా రిటైరయ్యాను. నా కింద పనిచేసిన పిల్లలకు ఈ సంగతి చెప్పేదాన్ని. చేయి బాగా పనిచేస్తున్నంత మాత్రాన మనిషి చెప్పే మాటను నమ్మకూడదు. రెండూ ఒకేసారి చెడిపోవు. సంచిలో పదకొండు గింజలు చూసిన వారమే నేను పెట్టె తీసుకుని ఉండాలి. గౌరవం పేరుతో చేసిన ఆలస్యానికి బాలమణి ప్రాణం పణంగా పెట్టాను. రెండో సంగతి నాకు మొగులమ్మ చెప్పింది. పని తీసేసుకోవడం సగం పనే. తీసేసుకున్న రోజునే, రేపటి నుంచి ఈ మనిషి పగలంతా ఎక్కడ కూర్చుంటుంది, ఎవరు చూస్తారు అని అడగాలి. నేను అడగలేదు. అయిదు నెలల తర్వాత కాలికి కట్టిన పేలిక చూసి అడిగాను.